రేంజ్‌ఫైండర్ కెమెరాతో ఫోకస్ చేయడం

రేంజ్‌ఫైండర్ కెమెరా అనేది వస్తువు దూరాన్ని కొలిచే దృశ్య పరికరం అమర్చిన కెమెరా. వ్యూఫైండర్ మధ్యభాగంలో కనిపించే రెండు ప్రతిబింబాలను ఒకటిగా కలపడం ద్వారా ఇందులో ఫోకస్ చేస్తారు. ఛాయాగ్రాహకుడు దృశ్యాన్ని కటకం గుండా కాక వేరొక కిటికీ గుండా చూస్తాడు. కాబట్టి ఫోకస్ తప్పినా దృశ్యం అతనికి స్పష్టంగానే కనిపిస్తుంది. ఫిల్ము కెమెరాలలో ఈ పొరపాటు ఫిల్మును కడిగిన తరువాతనే బయటపడుతుంది. అందువలన ఈ పద్ధతిని సాధనతో నేర్చుకోవలసి ఉంటుంది.

చరిత్ర

1916లో కొడాక్ సంస్థ తయారుచేసిన 3ఏ ఆటోగ్రాఫిక్ స్పెషల్ కెమెరాలో కటకంతో అనుసంధానించిన రేంజ్‌ఫైండర్ ఉండేది. 1925లో విడుదలైన మొదటి లైకాలో ఈ పరికరం లేదు. దూరాన్ని అంచనా వేసి కటకంపై అమర్చుకోవలసి వచ్చేది. 1932లో లైకా 2, జైస్ ఐకాన్ వారి కాంటాక్స్ కెమెరాలు ఈ సౌకర్యంతో వెలువడ్డాయి. 1936 నాటి కాంటాక్స్ 2లోను, 1954 నాటి లైకా ఎం3లోను వ్యూఫైండర్, రేంజ్‌ఫైండర్ ఒకే కిటికీలో కలిశాయి. 1959లో నికాన్ ఎఫ్ వచ్చిన తరువాత ఎస్.ఎల్.ఆర్. కెమెరాలకు ఆదరణ పెరిగింది. డిజిటల్ రేంజ్‌ఫైండర్ కెమెరాలలో ఎప్సన్ ఆర్-డి1 2004లోను, లైకా ఎం8 2006లోను వచ్చాయి.

పనిచేయు విధానం

కెమెరా ముందుభాగంలో కొంత ఎడంగా రెండు కిటికీలు ఉంటాయి. వీటి మధ్య దూరాన్ని ఆధార దూరం అంటారు. రెండవ కిటికీ నుండి వచ్చే ప్రతిబింబం పాక్షికంగా పరావర్తనం చేసే అద్దం సహాయంతో మొదటిదానిపై పడుతుంది. కటకపు వలయాన్ని తిప్పినపుడు ఈ రెండవ ప్రతిబింబం పక్కకు జరుగుతుంది. రెండూ ఏకీభవించిన చోట ఫోకస్ కుదిరినట్లు.

ఆధార దూరాన్ని వ్యూఫైండర్ వర్ధనంతో గుణించగా వచ్చే విలువ ఎంత ఎక్కువైతే ఖచ్చితత్వం అంత ఎక్కువ. లైకా ఎం3లో ఇది సుమారు 62 మి.మీ. వర్ధనం 0.72 గల తరువాతి ఎం కెమెరాలలో సుమారు 50 మి.మీ.

ఫోకస్ చేయు పద్ధతి

* కంటిని కిటికీకి సరిగ్గా మధ్యన ఉంచాలి. కన్ను పక్కకు జరిగితే మధ్యనున్న చతురస్రం మసకబారుతుంది.
* ప్రతిబింబం అడ్డంగా కదులుతుంది కాబట్టి తలుపు అంచు, స్తంభం, ముక్కు గీత వంటి నిలువు గీతలను ఎంచుకోవాలి. అడ్డగీతలు మాత్రమే ఉంటే కెమెరాను నిలువుగా తిప్పి పట్టుకోవాలి.
* కిటికీ ఊచల వంటి ఒకే రీతి వరుసలను వదిలివేయాలి. ఒక ఊచ ప్రతిబింబం పక్క ఊచపై పడి, ఫోకస్ కుదిరినట్లు భ్రమ కలుగుతుంది.
* ముఖచిత్రాలలో కంటిపై ఫోకస్ చేయాలి.

దగ్గరి దూరాలలో పొరపాటుకు అవకాశం చాలా తక్కువ. ఉదాహరణకు 50 మి.మీ. కటకంతో ఎఫ్/2 వద్ద 1 మీటరు దూరంలో స్పష్టంగా వచ్చే లోతు మొత్తం సుమారు 4.5 సెం.మీ. మాత్రమే. ఫోకస్ చేసిన పిమ్మట కూర్పు కోసం కెమెరాను 15 డిగ్రీలు తిప్పితే ఫోకస్ తలం వ్యక్తికంటే సుమారు 3.4 సెం.మీ. వెనుకకు పోతుంది. ఇంతమాత్రానికే కళ్ళు మసకగా వస్తాయి. ఎఫ్/8 వద్ద ఆ లోతు సుమారు 18 సెం.మీ. ఉంటుంది కాబట్టి నేర్చుకునేవారు చిన్న ద్వారంతో మొదలుపెట్టడం మేలు.

ముందుగా అమర్చడం

వీధి దృశ్యాలలో ప్రతిసారీ ప్రతిబింబాలను కలిపే వ్యవధి ఉండదు. 35 మి.మీ. కటకాన్ని ఎఫ్/8 వద్ద సుమారు 5 మీటర్లకు అమర్చితే దాదాపు 2.5 మీటర్ల నుండి అనంతం వరకు ఆమోదయోగ్యమైన స్పష్టత లభిస్తుంది.

పరికర పరీక్ష

ఎంత సాధన ఉన్నా రేంజ్‌ఫైండర్ సర్దుబాటు చెడితే ఫలితం ఉండదు. కటకాన్ని అనంతానికి తిప్పి చంద్రుణ్ణి గాని, ఎంతో దూరంలోని గోపురాన్ని గాని చూసినపుడు రెండు ప్రతిబింబాలు ఏకీభవించాలి. లేనిచో కెమెరాను నిపుణుల చేత సరిచేయించాలి.

ఇవి కూడా చూడండి

* ఛాయాగ్రహణం
* కటకం
* కెమెరా