బీరువాలో వెలివాడ

అంటరానితనం ఊళ్లోనే కాదు, పుస్తకాల బీరువాలోనూ ఉంటుంది. నల్లజాతి లైబ్రేరియన్ డొరతీ పోర్టర్ (1905-1995) జీవితం చూస్తే ఈ సంగతి అర్థమవుతుంది.

1930లో అమెరికాలోని హోవర్డ్ విశ్వవిద్యాలయం నల్లవాళ్ల గ్రంథాల బాధ్యత ఆమెకి అప్పజెప్పింది. అప్పట్లో తెల్లవాళ్ల లైబ్రరీలు వాడే డ్యూయీ వర్గీకరణలో నల్లవాళ్ల పుస్తకాలకి రెండే అంకెలు దిక్కు. 325 అంటే వలసలు, 326 అంటే బానిసత్వం. నల్లవాడు కవిత్వం రాసినా అక్కడికే తోసేవాళ్లు. రాసినవాడి పుట్టుకే పుస్తకానికి జాతకం! పోర్టర్ ఆ పద్ధతిని ఒప్పుకోలేదు. కవిత్వాన్ని కవిత్వంలో, చరిత్రని చరిత్రలో పెట్టింది. ఇది అంకెల మార్పు మాత్రమే కాదు, ఆత్మగౌరవ పోరాటం.

కొనడానికి డబ్బుల్లేవు. ప్రచురణకర్తలకి ఉత్తరాలు రాసి పుస్తకాలు అడిగింది. పాత పుస్తకాల వ్యాపారులతో స్నేహం చేసింది. చనిపోయినవాళ్ల ఇళ్లకెళ్లి, అటకలమీద దుమ్ము దులిపి కాగితాలు ఏరుకొచ్చింది. 1946లో ఆర్థర్ స్పింగార్న్ సేకరించిన పెద్ద గ్రంథ సంపద హోవర్డ్‌కి చేరింది. క్యాంపస్ గోడలు ఆమెని ఆపలేదు. నైజీరియా 1960లో స్వతంత్రమైంది. 1962-64లో లాగోస్ వెళ్లి ఆ దేశ జాతీయ గ్రంథాలయానికి సలహాదారుగా పనిచేసింది. 1973లో రిటైరయ్యేదాకా హోవర్డ్‌లోనే ఉంది.

మనకేమిటీ కథ అంటారా? 1946లో అంబేద్కర్ నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కి ఉత్తరం రాశారు. ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్లిచ్చే వినతిపత్రం ప్రతులు కావాలని అడిగారు. ఆ ఉత్తరం ఇవాళ మనం చదవగలుగుతున్నామంటే మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ గ్రంథాలయం డుబాయిస్ కాగితాల్ని భద్రం చేసినందువల్లే.

మరి మన కాగితాల సంగతి? 1906లో భాగ్యరెడ్డివర్మ హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టారు. ఆనాటి నుంచి ఎన్ని సభలు, ఎన్ని కరపత్రాలు, ఎన్ని అర్జీలు! వాటిలో మన చేతికి అందేవెన్ని? వాడలో ముసలాయన పోతే ఆయన ట్రంకుపెట్టె ఎవరు తెరుస్తున్నారు? పాటల నోటుబుక్కు చిత్తుకాగితాల బండి ఎక్కేస్తోంది. ఆధారాల్లేవు కాబట్టి మీకు చరిత్ర లేదని రేపు వాళ్లే అంటారు.

విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు ఈ విషయం ఆలోచించాలి. లైబ్రేరియన్ పని బల్ల దగ్గర తీరిపోదు. వాడకి పోవాలి, ఆ పెట్టె తెరవాలి, పేరూ తేదీ రాసుకోవాలి. విద్యార్థులూ టీచర్లూ తోడుండాలి. మన కాగితం మనం దాచుకోకపోతే, మన గురించి వాళ్లు రాసిందే చరిత్రవుతుంది.