డీజిల్ బండి నల్ల పొగ వదులుతోందా? ఈజీఆర్ సమస్యలు - పరిష్కారాలు

బీర్కూర్ ప్రాంతంలో వరి కోతలు మొదలైతే కారు, జీపు, ట్రాలీ బండి ఏదీ ఖాళీగా ఉండదు. పొలం నుంచి కొనుగోలు కేంద్రానికి, అక్కడి నుంచి బాన్సువాడకు తిరుగుతూనే ఉంటాయి. సరిగ్గా అప్పుడే బండి లాగక మొరాయిస్తే వడ్లు కల్లంలోనే ఉండిపోతాయి. ఇందుకు తరచూ కనిపించే కారణాల్లో ఈజీఆర్ వాల్వ్ ఒకటి.

ఈజీఆర్ అంటే ఏమిటి?

ఇంజన్ వదిలే పొగలో కొంత భాగాన్ని మళ్లీ గాలితో కలిపి లోపలికి పంపే ఏర్పాటు ఇది. దీనివల్ల మంట వేడి తగ్గి, గాలిని పాడుచేసే నైట్రోజన్ ఆక్సైడ్లు తక్కువగా తయారవుతాయి. బీఎస్-4, బీఎస్-6 డీజిల్ బండ్లలో ఎక్కువ వాటికి ఇది ఉంటుంది. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన కొత్త ట్రాక్టర్లకు కఠిన ప్రమాణాలు వచ్చాయి కనుక వాటిలోనూ చాలావాటికి ఈజీఆర్ ఉంటుంది.

ఎందుకు పాడవుతుంది?

పొగలోని మసి, ఇంజన్ ఆయిల్ ఆవిరి కలిసి వాల్వ్ మీద జిగురులా పేరుకుంటాయి. ఊళ్లోనే చిన్న దూరాలు తిప్పడం, గంటల తరబడి బండిని ఆపకుండా స్లోలో ఉంచడం వల్ల ఇది త్వరగా జరుగుతుంది.

లక్షణాలు

- వాల్వ్ తెరుచుకుని బిగిస్తే: బరువు మీద లాగదు, నల్ల పొగ వస్తుంది, స్లోలో వణికి ఆగిపోతుంది.
- మూసుకుని బిగిస్తే: బండి బాగానే నడిచినట్టు ఉంటుంది కానీ ఇంజన్ లైటు వెలుగుతుంది.
- ఈజీఆర్ కూలర్ లోపల లీకైతే: బయట చుక్క కారకున్నా కూలెంట్ తగ్గుతుంది, తెల్ల పొగ వస్తుంది. ఇలా ఉంటే బండి నడపకుండా వెంటనే మెకానిక్‌కు చూపించాలి.

ఏ వరుసలో చూడాలి?

1. ఎయిర్ ఫిల్టర్. కోతల దుమ్ముతో ఇది మూసుకుపోయినా నల్ల పొగే వస్తుంది.
2. టర్బో, ఇంటర్‌కూలర్ గొట్టాలు ఊడాయా, పగిలాయా చూడాలి.
3. సన్న వాక్యూమ్ పైపులు, వైర్లు. ధాన్యం ఉన్న చోట నిలిపే బండ్లలో ఎలుకలు వీటిని కొరుకుతాయి. ఒకసారి నా కారు లాగకపోతే టర్బో మార్చాలన్నారు. చివరికి చూస్తే ఎలుక కొరికిన చిన్న పైపే కారణం.
4. స్కానర్ పెట్టించాలి. పీ0401 కోడ్ వస్తే పొగ తక్కువగా, పీ0402 వస్తే ఎక్కువగా తిరుగుతోందని అర్థం. కోడ్ చూసి వెంటనే వాల్వ్ మార్చకూడదు. వైరు, సెన్సార్ కూడా పరీక్షించాలి.

శుభ్రం చేసే విధానం

ఇంజన్ పూర్తిగా చల్లారాక బ్యాటరీ నెగెటివ్ వైరు తీయాలి. వాల్వ్ విప్పి, కార్బన్ క్లీనర్ కొట్టి మెత్తటి బ్రష్‌తో మసి తీయాలి. మోటారు ఉన్న భాగాన్ని ద్రవంలో ముంచకూడదు. స్క్రూడ్రైవర్‌తో గీకకూడదు. బిగించేటప్పుడు కొత్త ప్యాకింగ్ వేయాలి. కొన్ని బండ్లలో తర్వాత స్కానర్‌తో సెట్ చేయించాలి.

ఇవి చేయకండి

- రేకు ముక్క పెట్టి ఈజీఆర్ మూసేయించకండి. పొగ ప్రమాణాలు దాటిన బండి నడపడం మోటారు వాహనాల చట్టం ప్రకారం నేరం. వారంటీ పోతుంది, బీఎస్-6 బండిలో ఇంజన్ శక్తి తగ్గిపోవచ్చు.
- డీపీఎఫ్ ఉన్న బండిలో మసి కాలేటప్పుడు సైలెన్సర్ విపరీతంగా వేడెక్కుతుంది. ఎండుగడ్డి మీద, కల్లంలో అలాంటి బండి నిలపకండి. నిప్పు అంటుకుంటే పంటే పోతుంది.

ముందు జాగ్రత్త

వారానికి ఒకసారైనా ఇంజన్ వేడెక్కాక మెయిన్ రోడ్డు మీద 20 నిమిషాలు ఒకే వేగంతో నడపాలి. కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిలే వాడాలి. కోతలకు పదిహేను రోజుల ముందే ట్రాక్టర్‌తో పాటు కారు, జీపులను కూడా చూపించుకుంటే సీజన్‌లో ఇబ్బంది ఉండదు.