గాలం వెనక ఉన్న చరిత్ర

"జల్, జంగల్, జమీన్" అన్న కుమ్రం భీము మాట మన పిల్లలందరికీ నోటికి వచ్చు. 1940లో జోడేఘాట్‌లో ఆయన నేలకొరిగిన నాటి నుంచి ఈ మూడు మాటలే మన పోరాటాలకు జెండా అయ్యాయి. జమీన్ గురించి మనం చాలా రాసుకున్నాం. జంగల్ గురించి కూడా రాసుకున్నాం. మొదటి మాట జల్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం మన రాతలు తక్కువ. వాగు ఎవరిది, అందులో చేప ఎవరిది, ఆ చేపను పట్టే తెలివి ఎవరిది అనే ప్రశ్నలు మన పుస్తకాల్లో అరుదుగా కనబడతాయి.

ఈ వ్యాసంలో ఆ ప్రశ్నలను గాలం దగ్గర మొదలుపెడుతున్నాం. వల వేయాలంటే పెట్టుబడి కావాలి, తెప్ప కావాలి, తోడు మనుషులు కావాలి. గాలానికి ఒక వెదురు కట్టె, కొంచెం తంగూసు, ఒక ముల్లు, ఒక బెండు చాలు. అందుకే అది పేదవాడి పనిముట్టు, పిల్లల పనిముట్టు. గోండిలోనూ కుయిలోనూ తెలుగులోనూ చేపకు "మీన్", "మీను" అనే దగ్గరి మాటలే ఉన్నాయి. మన భాషలు ఒకదాని నుంచి ఒకటి విడిపోక ముందే మన పెద్దలు ఈ జీవిని ఎరిగి, పేరు పెట్టుకున్నారన్నమాట.

రాజు రాయించిన పుస్తకం

గాలం వేట గురించి మన దక్కన్‌లో రాతపూర్వకంగా దొరికే పాత ఆధారం ఒక రాజుది. కళ్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 1131 ప్రాంతంలో "మానసోల్లాసం" అనే సంస్కృత గ్రంథం రాశాడు. కళ్యాణి అంటే నేటి కర్ణాటకలోని బసవకళ్యాణ్. అప్పటికి తెలంగాణ ప్రాంతం ఆ రాజ్యంలోనే ఉండేది, కాకతీయులు కూడా వాళ్ల సామంతులే. రాజుల వినోదాలను వరసగా చెప్పే ఆ గ్రంథంలో "మత్స్యవినోదం" ఒక భాగం. పొలుసు ఉన్న చేపలు, పొలుసు లేని చేపలు, సముద్రపు చేపలు, నదీ చేపలు అని అందులో విభజన ఉంది. ఏ చేపకు ఏ మేత పెట్టాలో, కట్టెతోనూ తాడుతోనూ ఎలా పట్టాలో కూడా ఉంది.

మా ప్రశ్న ఒక్కటే. రాజుకు ఇదంతా ఎవరు చెప్పారు? సింహాసనం మీద కూర్చున్నవాడు వానపాములు తవ్వి ఉండడు. ఏ మడుగులో ఏ చేప ఉంటుందో తెలియాలంటే ఏళ్ల తరబడి ఆ మడుగు దగ్గర కూర్చోవాలి. అలా కూర్చున్నవాళ్ల తెలివే గ్రంథంలోకి ఎక్కిందని మేము నమ్ముతున్నాం. రాజు పేరు నిలిచింది, చెప్పినవాళ్ల పేర్లు నిలవలేదు. మన చరిత్రలో ఇది చాలాసార్లు జరిగిన సంగతే.

ఈసీ వాగు సాగరం అయింది

ఇప్పుడు కొత్వాల్‌గూడకు వద్దాం. శంషాబాద్ దగ్గర, హిమాయత్‌సాగర్ ఒడ్డున ఉన్న ఊరు అది. ఇప్పుడు ఒక పక్క ఔటర్ రింగు రోడ్డు, దగ్గరలోనే 2008 మార్చిలో మొదలైన విమానాశ్రయం. నూటపాతికేళ్ల కిందట ఈ జలాశయమే లేదు. ఈసీ అనే ఏరు పారుతూ పోయి, లంగర్‌హౌజ్ బాపూఘాట్ దగ్గర మూసీలో కలిసేది.

1908 సెప్టెంబర్ 28న మూసీ వరద హైదరాబాద్‌ను ముంచింది. వేల మంది చనిపోయారు. నిజాం ప్రభుత్వం పిలుపు మీద వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి ఎగువన రెండు జలాశయాలు కట్టాలని సూచించాడు. మూసీ మీద ఉస్మాన్‌సాగర్ 1920లో, ఈసీ మీద హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఏడో నిజాం పేరు ఒకదానికి, ఆయన పెద్ద కొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరు రెండోదానికి పెట్టారు.

నగరానికి వరద భయం తగ్గింది, తాగునీరు దొరికింది. దాన్ని మేము కాదనం. చేప వైపు నుంచి చూస్తే మాత్రం కథ వేరు. బొచ్చె, రోహు, మోసు లాంటి చేపలు తొలకరి వరదలో ఎదురెక్కి, పారే నీటిలో గుడ్లు పెడతాయి. నిలవ నీటిలో వాటంతట అవి గుడ్లు పెట్టవు. ఏటికి అడ్డంగా గోడ లేచిన చోట ఆ ప్రయాణం ఆగిపోతుంది. 1957 జులై 10న హీరాలాల్ చౌధురి, అలీకున్హి హార్మోను సూదితో ఈ చేపల చేత గుడ్లు పెట్టించారు. అప్పటి నుంచి చెరువులకు చేప పిల్లలు కేంద్రాల నుంచి వస్తున్నాయి. ఇవాళ చెరువు ఒడ్డున గాలానికి తగిలే రోహు చాలావరకు ఎవరో తెచ్చి వదిలిన పిల్లే. అడవి వాగులో దొరికే చేప అలా కాదు, అది ఇంకా వాగు బిడ్డే. ఈ తేడా తెలిస్తే గాలం వేసే పద్ధతి కూడా మారుతుంది.

ఒడ్డున నేర్చుకోవలసినవి

మొదట లోతు సంగతి. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది, అది పై నీటిలో మేస్తుంది. రోహు నడిమి నీటిలో తిరుగుతుంది. మోసు, బంగారుతీగ అడుగు బురదలో వెతుక్కుంటాయి. చేప నోరు చూస్తే దాని మేత ఎక్కడుందో తెలుస్తుంది. దాన్ని బట్టి బెండును పైకో కిందికో జరపాలి. ఒకే లోతులో రోజంతా గాలం వేసి "చేపలు లేవు" అనేవాళ్లను ఏ ఒడ్డునైనా చూడవచ్చు.

రెండోది ఎర. జెల్లలకు, చిన్న పరకలకు వానపాము చాలు. రోహుకు, బంగారుతీగకు తవుడు, పల్లి చెక్క, గోధుమ పిండి కలిపి గట్టిగా పిసికిన ముద్ద మేలు. ముద్ద నీటిలో పడగానే విడిపోతే నీళ్లు తక్కువ పోసి మళ్లీ పిసకాలి. కొర్రమట్టకు, వాలుగకు బతికిన చిన్న చేప కావాలి, అవి వేటాడి తినేవి. గాలం వేసే చోట ముందు రోజు కొంచెం మేత చల్లి ఉంచితే చేప ఆ చోటుకు అలవాటు పడుతుంది.

మూడోది వేళ. తెల్లవారుజాము, సాయంత్రం మంచివి. ఎండాకాలం మధ్యాహ్నం చేప లోతుకు దిగుతుంది. మబ్బు పట్టి గాలి లేని రాత్రి తర్వాత పొద్దున్నే చేపలు నీటి మీదికి వచ్చి నోరు తెరుస్తుంటే సంబరపడవద్దు. నీటిలో ప్రాణవాయువు తగ్గినప్పుడు అవి అలా చేస్తాయి, ఆ పూట ఎర ముట్టవు.

నాలుగోది చోటు. వాగు వచ్చి నిలవ నీటిలో కలిసే మూల, గడ్డి అంచు, మునిగిన చెట్టు మొద్దు, గాలి నీటిని నెట్టుకొచ్చే ఒడ్డు చూసుకోవాలి. అడుగుల చప్పుడు నేల నుంచి నీటికి పోతుంది. నీడ కూడా నీటి మీద పడకూడదు.

ఐదోది ఓపిక. బెండు వణకగానే లాగితే ముల్లు ఖాళీగా వస్తుంది. రోహు ముద్దను నోటితో పీల్చి చూస్తుంది. బెండు మునిగి పక్కకు పోయినప్పుడు లాగాలి. కొర్రమట్ట ఎరను పట్టాక కొంచెం సమయం ఇవ్వాలి. జెల్లను ముల్లు నుంచి తీసేటప్పుడు దాని వీపు ముల్లూ పక్క ముళ్లూ జాగ్రత్త, గుచ్చుకుంటే చెయ్యి వాస్తుంది.

అన్నిటికన్నా పాత నియమం ఇంకొకటి ఉంది. వానాకాలం ఒడ్డు గడ్డిలో ఎర్రటి చిన్న పిల్లల గుంపు బంతిలా కదులుతూ కనబడితే, దాని కింద కొర్రమట్ట కాపలా ఉంటుంది. పిల్లల మీదికి ఏది వచ్చినా అది ఎగబడుతుంది కాబట్టి పట్టడం చాలా తేలిక. అందుకే పట్టకూడదు. ఆ ఒక్క చేపను తీస్తే గుంపు మొత్తం ఇతర చేపల పాలవుతుంది. కొర్రమట్ట ఇవాళ తెలంగాణ రాష్ట్ర చేప. గౌరవం కాగితం మీద ఇస్తే సరిపోదు, గడ్డిలో కూడా ఇవ్వాలి. మృగశిర కార్తె రోజు చేప తినే ఆచారం మనకుంది. ఆ తర్వాత ఏరు పొంగి చేప గుడ్లతో ఎదురెక్కే రోజుల్లో కొంతకాలం గాలాన్ని ఇంటి చూరులో పెట్టడం మంచిది.

విషం, మందుగుండు, చట్టం

1873లో ఇద్దరు ఆంగ్లేయుల పుస్తకాలు వచ్చాయి. మద్రాసు సివిల్ సర్వీసు ఉద్యోగి హెన్రీ సల్లివన్ థామస్ గాలం వేట మీద "ద రాడ్ ఇన్ ఇండియా" రాశాడు. ఫ్రాన్సిస్ డే మన మంచినీటి చేపల మీద ప్రభుత్వానికి నివేదిక ఇచ్చాడు. చిన్న కన్నుల వలలు, విషం వల్ల చేప తరిగిపోతోందని డే వాదించాడు. తర్వాత 1897లో వచ్చిన భారత మత్స్య చట్టం నీటిలో మందుగుండు పేల్చడాన్నీ విషం కలపడాన్నీ నేరం చేసింది.

మంగకాయ, గారకాయ దంచి మడుగులో కలిపి చేపను మత్తెక్కించే పద్ధతి అడవి ప్రాంతాల్లో ఉంది. దీన్ని సమర్థించడానికి మేము రాయడం లేదు. తేడా మాత్రం చెప్పాలి. ఎండాకాలం తెగిపోయిన చిన్న మడుగులో, ఊరంతా కలిసి, ఆ పూట తినడానికి చేసే పని ఒకటి. పారే వాగులో పురుగుమందు పోసి, అమ్ముకోవడానికి చేసే పని ఇంకొకటి. రెండోదానిలో కప్ప, పీత, పశువు, మనిషి అందరికీ ముప్పే. మన యువకులు ఎక్కడైనా ఈ రెండో పని చేస్తుంటే మనమే ఆపాలి. చట్టం భయం ఒక్కటే దానికి కారణం కాకూడదు. చట్టం పుట్టక ముందే మనకు కట్టుబాట్లు ఉన్నాయి. అవి రాత లేక నిలవలేదు. రాసుకున్నవాళ్ల దృష్టిలో మనం నాశనం చేసేవాళ్లుగానే మిగిలాం.

1996లో రెండు కాగితాలు

ఒకే ఏడాది నీటి గురించి రెండు కాగితాలు వచ్చాయి. 1996 మార్చి 8న అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 111 ఇచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో కాలుష్య పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, నివాస కాలనీలు రాకుండా ఆంక్షలు పెట్టింది. అదే ఏడాది డిసెంబర్ 24న పీసా చట్టం వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో చిన్న నీటి వనరుల నిర్వహణ పంచాయతీలకు అప్పగించాలని అందులో ఉంది. పదేళ్లకు 2006 అటవీ హక్కుల చట్టం ఇంకో అడుగు వేసింది. నీటి వనరుల్లోని చేపల మీద సామూహిక హక్కును సెక్షన్ 3(1)(డి)లో గుర్తించింది.

నగరం పక్క నీటికి దొరికిన రక్షణ ఆంక్ష రూపంలో ఉంది. 2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలను ఎత్తివేస్తున్నట్టు ప్రభుత్వం ప్రకటించింది. ఒక కాగితం ఇచ్చినదాన్ని ఇంకో కాగితం తీసుకుంది. మన ఏజెన్సీ నీటికి దొరికినది హక్కు, దాన్ని అడగవలసింది గ్రామసభ. పోడు పట్టా అడిగినంత గట్టిగా మనం వాగులో చేప హక్కు అడగలేదని మా అభిప్రాయం. గోదావరి ఒడ్డు చూడండి. పోలవరం వల్ల దేవీపట్నం మండలం ఊళ్లు ఖాళీ చేసి కాలనీలకు వెళ్లిన కోయ, కొండరెడ్డి కుటుంబాలకు ఇల్లు, పొలం లెక్కకు వచ్చాయి. ఏ సుడి పక్కన ఏ చేప ఉంటుందన్న తెలివికి పరిహారం కట్టే పట్టిక ఎక్కడా లేదు.

మన పని

చదువుకో పనికో హైదరాబాద్ వచ్చిన మన పిల్లలు సెలవు రోజు హిమాయత్‌సాగర్ వైపు వెళ్తారు. వాళ్లకు రెండు మాటలు. అది తాగునీటి జలాశయం, అక్కడ చేపల మీద బతికే మత్స్యకారులు ఉన్నారు. అనుమతి అడగకుండా గాలం వేయవద్దు, వాళ్ల వల దగ్గరికి పోవద్దు. గేట్లు ఎత్తినప్పుడు కింద ప్రవాహంలో చేప కోసం దిగవద్దు. తెగిన తంగూసు అక్కడే వదిలితే పక్షుల కాళ్లకు చుట్టుకుంటుంది, చుట్టి ఇంటికి తెచ్చుకోండి. నగరం దాటిన మూసీ మురుగులో పట్టిన చేపను ఇంట్లో వండవద్దు.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఈ వానాకాలం మీ పిల్లల చేత ఒక నోటుపుస్తకం మొదలుపెట్టించండి. ఊరి వాగులో దొరికే ప్రతి చేపకు గోండిలో, కోయలో, లంబాడీలో, తెలుగులో ఏమంటారో రాయించండి. ఏ నెలలో ఎదురెక్కుతుంది, ఏ ఎర తింటుంది, ఏ రోజుల్లో పట్టకూడదని తాతమ్మలు చెబుతారు, పదేళ్ల కింద ఉండి ఇప్పుడు కనబడనివి ఏవి, తిలాపియా లాంటి కొత్త చేప ఎప్పుడు వచ్చింది అని అడిగించండి. చెప్పిన పెద్దల పేర్లు వాళ్ల అనుమతితో తప్పకుండా రాయండి. రేపు గ్రామసభలో చేప హక్కు దరఖాస్తు పెట్టినప్పుడు పెద్దల మాటే సాక్ష్యం. ఆ మాట రాతలో ఉంటే దరఖాస్తుకు బలం.