లుబాంగాపై నడచిన వ్యాజ్యెము

ఈ దినమున దూరదేశపు వ్యాజ్యె మొకటి మీకు మనవి చేసెదను. ఆఫ్రికాఖండ మధ్యమందలి కాంగోదేశమున, ఈశాన్యదిక్కున ఈటూరి యను సీమ గలదు. బంగారము పండు నేల. 1999లో హేమా, లెందూ అను రెండు తెగలవారికి భూములకై రేగిన తగవు పెనుయుద్ధమయ్యెను. హేమాపక్షమున దండు కూర్చిన నాయకుడు థామస్ లుబాంగా. ఇతడు వట్టి బందిపోటు కాడు, మనశ్శాస్త్రము నభ్యసించినవాడు. ఆ విద్య యెట్లు పరిణమించెనో వినుడు.

అతని దండులో పదునైదేండ్లు నిండని పిల్లలుండిరి. అట్టివారిని సేనలో జేర్చుట యుద్ధాపరాధమని 1998లో రోమునగరమున గుదిరిన యొడంబడిక చెప్పుచున్నది. (మన దేశ మందు జేరలేదు.) దానివలన నేర్పడినదే హేగునగరమందలి అంతర్జాతీయ నేరన్యాయస్థానము. 2006 మార్చిలో లుబాంగా నచటికి గొనిపోయిరి. ఆ స్థానమున మొట్టమొదట విచారణకు నిలిచిన ముద్దాయి యితడే.

2009 జనవరిలో విచారణ మొదలయ్యెను. మొదటి సాక్షి, తన్ను బడినుండి వచ్చుచుండగా పట్టుకొనిపోయిరని చెప్పి, ఆనాడే యామాట కాదని, అట్లు చెప్పుమని తనకు నేర్పిరనెను! కొన్నాళ్లకు మరల వచ్చి సాక్ష్యమిచ్చెను. బాలసైనికులమని చెప్పుకొన్నవారిలో పలువురి వాఙ్మూలములను న్యాయాధిపతులు తుదకు విడిచిపెట్టిరి. సాక్షులను వెదకి తెచ్చిన మధ్యవర్తులపైననే వారికి సందేహము గలిగెను. చేతి కందిన సాక్ష్యమును వదలుకొనుటయే యీ తీర్పునకు బలమని నాకు దోచును.

మరి వయస్సు తేలు టెట్లు? పుట్టినతేదుల పత్రములు దొరకుట యరుదు. ఎముకలకు ఎక్స్‌రే తీసి వైద్యులు చెప్పినదియు గచ్చితముగా లేదు. మా చిన్ననాట, పుట్టినతేది తెలియని పిల్లవానిని బడిలో జేర్చునపుడు, చేయి తలమీదుగా చాచి అవతలి చెవి నందుకొమ్మనెడివారు. అందినచో ఈడు వచ్చినట్లే. హేగునందు కన్నులే ప్రమాణమైనవి. 2003 ఫిబ్రవరి 12న ర్వాంపారా శిక్షణశిబిరమునకు లుబాంగా సైనికవేషమున వచ్చి, కొత్తవారిని ప్రోత్సహించి మాటలాడెను. ఆనాటి చలనచిత్రము దొరకెను. అందలి పిల్లలలో చూడగానే పదునైదేండ్ల లోపువారని స్పష్టముగా దెలియువారినే న్యాయాధిపతులు లెక్కించిరి. సందేహము గలవారిని విడిచిరి. మిగిలిన యా లేతముఖములు చాలినవి.

2012 మార్చి 14న నేరస్థుడని తీర్పు వెలువడెను. జూలైలో 14 ఏండ్ల చెర విధించిరి. ముగ్గురు న్యాయాధిపతులలో నొకరు 15 ఏండ్లు కావలెననిరి. విచారణకాలపు నిర్బంధమును గూడ అందులో గణించుటచే 2020 మార్చిలో లుబాంగా విడుదలయ్యెను. పిల్లలకు గలిగిన నష్టమునకు ఒక కోటి డాలర్ల బాధ్యత 2017లో అతనిపై మోపబడెను. అతనియొద్ద ధనము లేకపోవుటచే, బాధితులకొరకు ఏర్పడిన నిధిని ఆ భారము వహింపుమని న్యాయస్థానము కోరవలసివచ్చెను.