కీళ్ళవాతానికి మోకాలి ఆపరేషను: ఎన్నాళ్ళు నిలుస్తుంది?

మన ఇళ్ళలో "మోకాళ్ళ నొప్పులు" అని ఒకే మాటతో చెప్పుకొనేవాటిలో రెండు వేర్వేరు జబ్బులున్నాయి. ఒకటి వయసుతో వచ్చే అరుగుదల. రెండోది రుమటాయిడ్ కీళ్ళవాతం. ఇది నడివయసులోనే, ఒక్కోసారి అంతకు ముందే పట్టుకుంటుంది. మగవారికన్నా ఆడవారికి ఎక్కువ. శరీరాన్ని కాపాడవలసిన శక్తే దారితప్పి కీలు లోపలి పొరమీద దాడి చేస్తుంది. పొర ఉబ్బి, క్రమంగా ఎముకను తినేస్తుంది.

మొదట్లో డాక్టర్లు ఈ ఉబ్బిన పొరనే కోసి తీసేసేవారు. వాపూ నొప్పీ కొన్నేళ్ళు తగ్గేవి. కాని పొర మళ్ళీ పెరిగేది, బాధ మళ్ళీ మొదలయ్యేది.

కీలునే మార్చాలన్న ఆలోచనా పాతదే. 1890లో బెర్లిన్‌లో గ్లుక్ అనే సర్జను క్షయ సోకిన మోకాలికి ఏనుగు దంతంతో చేసిన కీలు అమర్చాడు. చీముపట్టి ఆ ప్రయత్నం విఫలమైంది. 1951లో స్వీడన్‌కు చెందిన వాల్డియస్ తలుపు బందులాంటి కీలు తెచ్చాడు. అయితే మోకాలు తలుపులా ముందుకూ వెనక్కూ మాత్రమే కదిలేది కాదు. కాస్త మెలి తిరుగుతుంది, జారుతుంది కూడా. ఆ మెలి బలమంతా ఎముకలో దిగిన కాడమీద పడి, కొన్నాళ్ళకు వదులయ్యేది.

1974లో న్యూయార్కులో వచ్చిన "టోటల్ కాండైలర్" మోకాలితో కథ మారింది. బందు లేదు, తొడ ఎముక చివరకు లోహపు తొడుగు, కింది ఎముకమీద ప్లాస్టిక్కు. దాని రూపకర్తల్లో ఒకరు మన దేశంలో పుట్టిన డాక్టర్ చిత్తరంజన్ రణవత్. 2000, 2001లలో ప్రధాని వాజ్‌పేయి మోకాళ్ళకు ఆపరేషను చేసింది ఆయనే.

మరి ఎన్నాళ్ళు నిలుస్తుంది? 2019లో వెలువడిన ఒక పెద్ద పరిశీలన ప్రకారం మార్చిన మోకాళ్ళలో నూటికి 82 దాకా 25 ఏళ్ళు నిలిచాయి. వారిలో ఎక్కువమంది అరుగుదల రోగులే. కీళ్ళవాతంవారికీ నొప్పి బాగా తగ్గుతుంది, కీలు చాలా ఏళ్ళు పనిచేస్తుంది. కాని చీముపట్టే ప్రమాదం వారికి కొంత ఎక్కువ. ఆపరేషనుకు ముందు మెడ ఎముకలనూ పరీక్షించాలి. ఈ జబ్బు మెడనూ వదలదు.

ఇంకో మాట దాచకుండా చెప్పుకోవాలి. కొత్త మోకాలితో నడవవచ్చు, మెట్లెక్కవచ్చు. నేలమీద మఠం వేసుకోవడం, సజ్దాలో పూర్తిగా మోకాళ్ళు మడవడం చాలామందికి సాధ్యపడదు. అలాంటివారు కుర్చీలో కూర్చుని నమాజు చేసుకోవచ్చు. దీనికి భయపడి కాలు వంకరపోయేదాకా, మంచాన పడేదాకా ఆపరేషను వాయిదా వేస్తే తర్వాత వచ్చే ఫలితమూ తగ్గుతుంది.

అన్నిటికన్నా ముఖ్యం: ఆపరేషను మోకాలిని మారుస్తుందే కాని జబ్బును మార్చదు. చేతులు, పాదాలు చెడిపోతే కొత్త మోకాలున్నా నడక కష్టమే. 1980ల నుంచి మెథోట్రెక్సేటు, 1998 తర్వాత కొత్తరకం ఇంజక్షన్లు వాడకంలోకి వచ్చాక స్వీడన్, నార్వేలలో ఈ రోగులకు ఆపరేషన్ల అవసరమే తగ్గింది. కనుక పొద్దున్నే కీళ్ళు గంటసేపు బిగుసుకుపోతుంటే, రెండువైపులా వాపు కనిపిస్తుంటే, "వాతంలే" అని తైలంతో సరిపెట్టుకోకండి. మన అమ్మలను, అక్కలను వెంటనే డాక్టరుకు చూపించండి. తొలి ఏడాదిలో మొదలుపెట్టిన మందు ఎన్నో మోకాళ్ళను కత్తి దాకా పోనివ్వదు.