ఓపెన్ సోర్స్ డేటాబేస్‌ల నిర్వహణ: కార్యాలయాలు గమనించవలసిన అంశాలు

ఈ-పాలనా వ్యవస్థలలో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్ర ఎలక్ట్రానిక్స్, సమాచార సాంకేతిక విభాగం 2015 మార్చిలో విధాన పత్రాన్ని ప్రకటించినది. టెండరులో ఓపెన్ సోర్స్‌ను మినహాయించే సరఫరాదారు అందుకు కారణం చూపవలసి ఉంటుందని అందులో నిర్దేశించడం జరిగినది. పట్టికల రూపంలో సమాచారాన్ని భద్రపరిచే రిలేషనల్ డేటాబేస్‌ల విషయంలో ఈ ప్రాధాన్యం ప్రధానంగా మైసీక్వెల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్, మరియాడీబీలకు వర్తిస్తుంది. వీటికి లైసెన్సు రుసుము చెల్లించనవసరం లేదు. అయితే విక్రేత కంపెనీతో ఒప్పందం లేనిచోట నిర్వహణ భారమంతా కార్యాలయంపైననే పడుతుంది. పింఛనుదారుల జాబితా, భూమి హక్కుల రికార్డు, జనన ధ్రువీకరణ పత్రం వంటివి ఒకసారి చెరిగిపోతే వాటిని తిరిగి నిరూపించుకొనే బాధ్యత పౌరునిపై పడే ప్రమాదమున్నది.

మైసీక్వెల్ తొలి రూపం 1995లో స్వీడన్‌లో వెలువడినది. దానిని రూపొందించిన సంస్థను సన్ మైక్రోసిస్టమ్స్ 2008లో, సన్‌ను ఓరాకిల్ 2010లో కొనుగోలు చేసినవి. ఈ పరిణామాల నడుమ మూలకర్తలలో ఒకరైన మైఖేల్ వీడెనియస్ 2009లో మరియాడీబీని వేరుగా ప్రారంభించారు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ మూలాలు బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్టోన్‌బ్రేకర్ 1986లో ఆరంభించిన పరిశోధనలో ఉన్నవి. దీనికి ఏ ఒక్క కంపెనీ యజమాని కాదు.

మద్దతు గడువులు

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ ప్రతి ప్రధాన రూపానికి 5 సంవత్సరాలపాటు భద్రతా సవరణలు లభిస్తాయి. 13వ రూపానికి ఈ గడువు 2025 నవంబరులో తీరినది. 14వ రూపానికి 2026 నవంబరు వరకు ఉన్నది. మైసీక్వెల్ 5.7కు మద్దతు 2023 అక్టోబరులో ముగియగా, 8.0కు ఓరాకిల్ ప్రకటించిన గడువు 2026 ఏప్రిల్. దీర్ఘకాలిక మద్దతుగల 8.4 రూపం 2024 ఏప్రిల్‌లో విడుదలైనది. గడువు తీరిన డేటాబేస్ యథావిధిగా పనిచేస్తూనే ఉంటుంది. వాయిదాలకు మూలకారణం అదే. కొత్తగా బయటపడే భద్రతా లోపాలకు మాత్రం సవరణలు రావు.

బ్యాకప్: ఒక అనుభవం

బ్యాకప్‌ల విషయంలో 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో జరిగిన ఘటన నిర్వాహకులందరూ తెలుసుకోదగినది. ఆ సంస్థయే వివరాలను దాపరికం లేకుండా వెల్లడించినది. ప్రధాన సర్వర్‌పై భారం పెరిగి, దాని ప్రతిరూపం వెనుకబడినది. ప్రతిరూపాన్ని తిరిగి నిర్మించే ప్రయత్నంలో ఒక ఇంజనీరు, రెండవ సర్వర్‌లో ఉన్నాననుకొని ప్రధాన సర్వర్‌లోని పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డేటాను తొలగించారు. పొరపాటు గుర్తించి ఆపేసరికి సుమారు 300 గిగాబైట్లలో 4.5 గిగాబైట్లు మిగిలినవి.

అప్పుడు బ్యాకప్‌ల కోసం వెదకగా అసలు సంగతి బయటపడినది. దినసరి బ్యాకప్ చాలాకాలంగా విఫలమవుతున్నది. సర్వర్‌లో డేటాబేస్ 9.6వ రూపంలో ఉండగా, బ్యాకప్ సాధనం 9.2 రూపానిది కావడమే కారణం. వైఫల్యాన్ని తెలిపే ఈ-మెయిళ్ళు తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. పరీక్షల నిమిత్తం ఒక ఉద్యోగి 6 గంటల ముందు యాదృచ్ఛికంగా తీసిన నకలు ఒక్కటే అక్కరకు వచ్చినది. ఆ 6 గంటల సమాచారం తిరిగి రాలేదు.

పొరపాటు చేసిన వ్యక్తిని తప్పుపట్టడం తేలికే. కానీ ఏర్పాటు చేసిన పద్ధతులన్నీ ఒకేసారి విఫలమైనవని అంతకుముందు ఎవరూ పరీక్షించి తెలుసుకొనకపోవడమే ఇందులో ముఖ్యమైన లోపం. కనుక నెలకొకసారైనా బ్యాకప్‌ను వేరొక యంత్రంపై పునరుద్ధరించి, ముఖ్యమైన పట్టికలలోని వరుసల సంఖ్యను సరిచూసి, పట్టిన సమయాన్ని రిజిస్టరులో నమోదు చేయడం మంచిది. ఒక నకలు మరొక భవనంలో ఉండాలి. ప్రతిరూప సర్వర్‌ను బ్యాకప్‌గా పరిగణించరాదు. ప్రధాన సర్వర్‌పై పొరపాటున జారీ అయిన తొలగింపు ఆదేశం క్షణాలలో అక్కడ కూడా అమలవుతుంది. మైసీక్వెల్‌లో బైనరీ లాగ్‌ను, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో వాల్ దస్త్రాలను ఎప్పటికప్పుడు వేరొకచోట భద్రపరిస్తే, పొరపాటు జరిగిన క్షణానికి ముందున్న స్థితికి డేటాబేస్‌ను తీసుకురావచ్చును.

డిస్కు లోపాలవల్ల పాడైన పుటలను గుర్తించే చెక్‌సమ్‌లు 2025 సెప్టెంబరులో వెలువడిన పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ 18లో, కొత్తగా నెలకొల్పే డేటాబేస్‌లకు అప్రమేయంగా అమలులో ఉంటాయి.

తెలుగు సమాచారం నిల్వ

తెలుగు పేర్లు ప్రశ్నార్థక చిహ్నాలుగా మారిపోవడం కార్యాలయాలకు పరిచితమైన సమస్య. మైసీక్వెల్‌లో 8.0కు ముందు అప్రమేయ అక్షర సంకేతం లాటిన్-1. అందులో తెలుగు లిపికి స్థానం లేదు. 8.0 నుండి యూటీఎఫ్8ఎంబీ4 అప్రమేయమైనది. పాత పట్టికలు మాత్రం తమంతట తాము మారవు. పట్టిక, గడి, అప్లికేషన్‌కు డేటాబేస్‌తో ఉన్న అనుసంధానం, ఈ మూడింటిలోనూ ఒకే సంకేతం ఉన్నదో లేదో సరిచూడవలసి ఉంటుంది.

గడి నిడివి మరొక చిక్కు. ‘లక్ష్మి’ అనే పేరు చూపునకు 2 అక్షరాలు. యూనికోడ్ లెక్కలో 7 సంకేతాలు, యూటీఎఫ్-8లో 21 బైట్లు. ఆంగ్ల నామాలను దృష్టిలో ఉంచుకొని నిర్ణయించిన నిడివి తెలుగు పూర్తిపేరుకు సరిపోకపోవచ్చును. మైసీక్వెల్ 5.7 నుండి నిడివి మించిన పేరును అప్రమేయంగా తిరస్కరిస్తుంది. అంతకుముందు కేవలం ఒక హెచ్చరికతో కత్తిరించి భద్రపరిచేది. అట్టి పాత రికార్డులలో సగంలో ఆగిన పేర్లుంటే, కొత్త సర్వర్‌కు మార్చినంతమాత్రాన అవి పూర్తికావు. మూల దరఖాస్తులతో పోల్చి సరిదిద్దక తప్పదు. ‘రాజ్‌కుమార్’ వంటి పేర్ల నడుమ కంటికి కనిపించని విభజన సంకేతం ఒక రికార్డులో ఉండి మరొకదానిలో లేకపోతే, వెదుకులాటలో ఆ వ్యక్తి దొరకకపోవచ్చును. అంగన్‌వాడీ మొదలు తహశీల్దారు కార్యాలయం వరకు వేర్వేరు కీబోర్డులతో నమోదయ్యే పేర్లకు ఈ పరిశీలన తప్పనిసరి.

అనుమతులు, లాగ్‌లు

అప్లికేషన్ డేటాబేస్‌కు అనుసంధానమయ్యే ఖాతాకు పట్టికలను తొలగించే అధికారం ఉండరాదు. డేటాబేస్ పోర్టును ఇంటర్నెట్‌కు తెరవరాదు. బదిలీపై వెళ్ళిన ఉద్యోగి ఖాతాను అదే రోజు నిలిపివేయాలి.

భారత కంప్యూటర్ అత్యవసర స్పందన బృందం సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం, ప్రభుత్వ సంస్థలు నిర్దేశిత సైబర్ ఘటనలను గుర్తించిన 6 గంటలలోగా తెలియజేయాలి. లాగ్‌లను 180 రోజులపాటు భద్రపరచాలి. అయితే మైసీక్వెల్‌లో సాధారణ ప్రశ్నల లాగ్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో ఆదేశాల లాగ్ అప్రమేయంగా నిలిపివేసి ఉంటాయి. అన్ని ఆదేశాలనూ నమోదు చేస్తే డిస్కు త్వరగా నిండుతుంది కనుక, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌లో పీజీఆడిట్ అనే ఉచిత విస్తరణను నెలకొల్పి, ముఖ్యమైన పట్టికలపై మార్పులను మాత్రమే నమోదు చేసే వీలున్నది. సర్వర్ల గడియారాలను జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల కాల సర్వర్లతో అనుసంధానించాలని కూడా అదే ఆదేశాలు సూచిస్తున్నవి.