మన్యం జ్వరం – మన తల్లుల చరిత్ర

1879లో రంప పితూరీని అణచడానికి కొండలెక్కిన ఇంగ్లీషు ప్రభుత్వ పటాలాలను మనవాళ్ల ఆయుధాలతో పాటు మరొకటి కూడా కుంగదీసింది. అది చలిజ్వరం. ఆ తర్వాత కూడా చాలాకాలం, మన్యానికి బదిలీ అంటే మైదానపు ఉద్యోగులకు గుండెల్లో దడ పుట్టేది. అందుకే జ్వరమే మన అడవికి కాపలా కాసిందని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ మాటలో నిజం సగమే. ఆ కాపలాకు మూల్యం చెల్లించింది ఎక్కువగా మన పసిబిడ్డలు, కడుపుతో ఉన్న మన తల్లులు. పితూరీ వీరుల పేర్లు చరిత్రలో ఉన్నాయి. ఆ తల్లుల పేర్లు ఎక్కడా లేవు.

మలేరియా అనే మాటకు అసలు అర్థం చెడుగాలి. అడవి గాలి, అడవి నీరు పడకనే జ్వరం వస్తుందని చదువుకున్నవాళ్లు కూడా నమ్మేవారు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రోనాల్డ్ రాస్ అనే వైద్యుడు దోమ పొట్టలో మలేరియా క్రిమిని చూశాక ఆ నమ్మకం వీగిపోయింది. ఆ దోమలకు తన రక్తం ఇచ్చినవాడు హుసేన్ ఖాన్ అనే రోగి. ఒక్కో దోమ కాటుకు అతనికి ఒక అణా ముట్టింది. మన కొండల్లో ఈ జ్వరాన్ని మోసే ముఖ్యమైన దోమ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్. మెల్లగా పారే గెడ్డల అంచుల్లో గుడ్లు పెడుతుంది, రాత్రిపూట కుడుతుంది.

చిన్నప్పటి నుంచి పదేపదే జ్వరం పడి లేచినవాళ్ల ఒంట్లో దాన్ని తట్టుకునే శక్తి కొంత పెరుగుతుంది. బయటి సిపాయి పడిపోయినచోట మనవాడు నిలబడడానికి అదొక కారణం. అయితే ఆడపిల్ల మొదటిసారి కడుపుతో ఉన్నప్పుడు ఆ శక్తి చాలదు. బిడ్డకు ఆహారం అందించే మావి ఆమె ఒంట్లో కొత్తగా ఏర్పడిన చోటు. ఫాల్సిపారమ్ రకం క్రిమి చేరిన రక్తకణాలు అక్కడికి వెళ్లి అతుక్కుంటాయి. అవి దేన్ని పట్టుకుని అతుక్కుంటాయో 1996లో కెన్యా తల్లుల మావిని పరీక్షించి శాస్త్రవేత్తలు చెప్పారు. మావిలో క్రిమి గూడుకడితే తల్లికి రక్తం తగ్గిపోతుంది, బిడ్డ బరువు తక్కువగా పుడుతుంది. ఒక్కోసారి గర్భం పోతుంది, లేదా బిడ్డ కడుపులోనే చనిపోతుంది. ఒక్కోసారి పైకి జ్వరమే కనిపించదు, పాలిపోయిన ముఖం, ఆయాసం మాత్రమే ఉంటాయి. ఇలా పోయిన బిడ్డలకు కారణం గాలి సోకడమనో, దేవత కోపమనో మన పెద్దలు అనుకున్నారు. అది వాళ్ల తప్పు కాదు. మావి లోపల ఏం జరుగుతుందో అప్పటికి ఏ వైద్యుడికీ తెలియదు.

మందు వచ్చినా తల్లి దాకా చేరడం ఆలస్యమైంది. 1860ల నుంచి నీలగిరుల్లో సింకోనా తోటలు పెంచి దాని బెరడు నుంచి క్వినైన్ తీశారు. కానీ క్వినైన్ గర్భాన్ని పోగొడుతుందన్న భయంతో చాలామంది దాన్ని గర్భిణికి దూరంగా ఉంచారు. స్వాతంత్ర్యం వచ్చేనాటికి దేశంలో ఏటా సుమారు 7.5 కోట్ల మందికి మలేరియా వచ్చేదని, 8 లక్షల మంది చనిపోయేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలై, ఇళ్ల గోడలకు డీడీటీ కొట్టాక, 1965 నాటికి కేసులు లక్షకు దిగాయి. తర్వాత దోమ మందుకు అలవాటుపడింది, పనివాళ్లు పలచబడ్డారు. 1976లో కేసులు 64 లక్షలకు ఎగబాకాయి. మైదానంలో తగ్గాక కూడా దారిలేని కొండ గూడేల్లో జ్వరం మిగిలిపోయింది.

ఈ రోజు మన చేతిలో ఉన్నవి మన అవ్వలకు లేవు. ఆశా కార్యకర్త వేలి చివర ఒక్క చుక్క రక్తం తీస్తే ఇరవై నిమిషాల్లో ఫలితం తెలుస్తుంది. గర్భిణికి ఏ నెలలో ఏ మందు అన్నది వేరువేరుగా ఉంటుంది. ప్రైమాక్విన్ మాత్రలు ఆమెకు ఇవ్వకూడదు. కాబట్టి ఇంట్లో మిగిలిన మాత్రలు వేయకుండా, ఆరోగ్య కేంద్రంలో చూపించాలి. మందు పట్టించిన దోమతెర వలకో, ధాన్యం కప్పడానికో కాదు, అది ముందు కడుపుతో ఉన్న ఆమె పడకకు కట్టాలి. పోడు గుడిసెలో రాత్రి కాపలా పడుకున్నా అది వెంట ఉండాలి. పండుగ ముందు గోడలు మట్టితో మెత్తి పూయడం మన అందమైన ఆచారం. కానీ పిచికారీ అయిన వెంటనే పూస్తే మందు మట్టి కింద దాగిపోతుంది, దోమ గోడ మీద హాయిగా వాలుతుంది. అందుకే పూత ముందే ముగించి, పిచికారీ తర్వాత కనీసం రెండున్నర నెలలు గోడలు ముట్టకుండా ఉంచుదాం.

యువతీయువకులారా, మీ గూడెంలో మొదటిసారి కడుపుతో ఉన్న అక్క ఎవరో మీకు తెలుసు. ఆమెకు దోమతెర ఉందా, రక్తం చూపించుకుందా అని ఈ వారమే అడగండి. ఒళ్లు వెచ్చబడితే తెల్లారేదాకా ఆగకుండా ఆశా కార్యకర్తకు కబురు పంపండి. దిసారి దగ్గరకు వెళ్లాలని ఇంట్లో పెద్దలు అంటే వాదులాడకండి, ముందు రక్తపరీక్ష చేయించి తర్వాత వెళ్దామనండి. డోలీ మోయాల్సిన అవసరం వచ్చేలోపే చేయగలిగిన పని ఇది. పేరు లేకుండా పోయిన తల్లులకు మనం చెల్లించగల రుణం కూడా ఇదే.